"నా మీద ప్రేముంటే నా మాట విను" అని యేసయ్య కూడా అన్నట్టేనా?

బొల్లారం టీచర్:

అందరికీ వందనాలు. నేను బొల్లారంలో ఒక సంఘంలో సండే స్కూల్ సీనియర్ క్లాసు చెబుతాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు. మిగతా ఆరు రోజులూ ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో బిల్లింగ్ కౌంటర్. బైబిల్ కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మొన్న ఆదివారం కంఠత వాక్యం యోహాను 14:15. "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు." చిన్న వాక్యం, పిల్లలు ఇట్టే ఒప్పజెప్పేశారు. పాఠం పుస్తకంలో కింద ఇచ్చినవి కూడా ఖాళీలు పూరించడమే. నేను బోర్డు తుడుస్తుంటే వెనక కుర్చీలోంచి టెన్త్ చదివే అమ్మాయి అంది: "టీచర్, ఇది మా డాడీ డైలాగే."

అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

వాళ్ల నాన్నకి కూతుర్ని డాక్టర్ని చేయాలని. ఇంటర్లో బైపీసీ, దాంతోపాటే నీట్ కోచింగ్, హాస్టల్, అన్నీ ఆయనే ఖాయం చేసేశారు. ఈ పిల్లకేమో లెక్కలన్నా కామర్స్ అన్నా ఇష్టం, ఎంఈసీ తీసుకుంటానంటుంది. రాత్రి భోజనాల దగ్గర ఇదే గొడవట. చివరికి ఆయన అన్నంలో నీళ్లు పోసుకుని లేచిపోతూ "నా మీద ప్రేముంటే నా మాట విను, లేకపోతే నీ ఇష్టం" అంటారట. ఇక ఆ తర్వాత మాట్లాడరు. ఉప్పు కావాలన్నా వాళ్లమ్మతో చెప్పించి అడుగుతారట. ఆ పిల్ల ఇదంతా చెప్పి, "యేసయ్య అన్నదీ అదే కదా టీచర్. మా డాడీది బ్లాక్‌మెయిల్ అయితే ఇది మాత్రం ఎందుకు కాదు?" అంది.

వచ్చే వారం మాట్లాడుకుందామని చెప్పి ప్రార్థనతో ముగించాను. సంఘ పెద్ద ఒకాయన్ని అడిగితే, "టెన్త్ పిల్లలకి అంత లోతు ఎందుకమ్మా, ఎఫెసీ 6:1 చెప్పి పంపించెయ్" అన్నారు. పిల్లలారా, తలిదండ్రులకు విధేయులై ఉండండి అనే వాక్యం. ఆ పిల్లకి అది నాకంటే బాగా వచ్చు. వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.

రెండూ ఒకటి కావని నాకు లోపల తెలుసు. మాటల్లో పెట్టడమే రావట్లేదు. ప్రేమ అంటే దానంతటది రావాలి. ఆజ్ఞ అంటే మనసున్నా లేకపోయినా చెయ్యాలి. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో ఎలా కలిపాడు ఆయన? దయచేసి రిఫరెన్సులు మాత్రం పెట్టి వెళ్లిపోకండి. పదిహేనేళ్ల పిల్ల ముందు నిలబడి చెప్పగలిగేలా చెప్పండి.

లాలాగూడ అంకుల్:

టీచరమ్మా, వందనాలు. నేను గూడ్సు బండ్లు నడిపి రిటైరైనవాణ్ణి. ఎర్ర సిగ్నల్ కనబడితే బండి ఆపుతాం. ఆ టైముకి డ్రైవరుకి రైల్వే మీద ప్రేమ ఉందా, కోపంగా ఉన్నాడా, ఇంట్లో గొడవపడి వచ్చాడా అని ఎవడూ అడగడు. ఆపాడా లేదా, అంతే. ఈ కాలం పిల్లలకి మనం ప్రేమ, ప్రేమ అని చెప్పి చెప్పి విధేయత అనే మాటే చేదు చేసిపెట్టాం.

సౌలు రాజు సంగతి చూడండి, 1 సమూయేలు 15. అమాలేకీయుల పశువులన్నిటినీ చంపెయ్యమని దేవుడు ఆజ్ఞాపించినా, మంచివాటిని చంపకుండా ఉంచి, దేవునికి బలి ఇవ్వడానికే తెచ్చానన్నాడు. వినడానికి భక్తిగానే ఉంది. ప్రవక్త సమూయేలు ఏమన్నాడు? బలులు అర్పించడం కంటే ఆజ్ఞను గైకొనడం శ్రేష్ఠం అన్నాడు. ప్రేమిస్తున్నానని పాటలు పాడటం తేలిక. ఆదివారం చేతులెత్తి ఏడ్చినవాళ్లు సోమవారం ఆఫీసులో లంచం తీసుకోవడం చూశాను నేను. ఆ అమ్మాయికి ముందు మాట వినడం నేర్పండి. మిగతాది వయసొస్తే అర్థమవుతుంది.

మణికొండ నుంచి:

అంకుల్, మీరు పెద్దవారు, కోపగించుకోకండి. ఆ సిగ్నల్ మాట పట్టుకునే నాలాంటివాళ్లు చర్చి వదిలి వచ్చేశారు.

మేం వెళ్లే చోట ప్రతిదానికీ హెబ్రీ 13:17 తీసేవారు. నాయకులకు లోబడి ఉండండి. ఉద్యోగం మారాలంటే అడగాలి. పెళ్లి సంబంధం చూడాలంటే అడగాలి. ఇంకో సంఘంలో ఫ్రెండ్ పెళ్లికి వెళ్తే మర్నాడు వాట్సాప్ గ్రూపులో పేరు చెప్పకుండా నా మీదే వాక్యం పడేది. ఎందుకన్నా అని అడిగితే "దేవుణ్ణి ప్రేమించేవాడు ప్రశ్నించడు" అనేవారు. ఇంటికి రాగానే నాకు వచ్చే టెన్షన్, ఆఫీసులో రిలీజ్ రోజు కూడా ఉండేది కాదు.

టీచర్ గారూ, ఆ పిల్ల అడిగింది కరెక్ట్. పైగా ఆ పిల్ల అడగనిది నేను అడుగుతాను. వాళ్ల నాన్న మాట వినకపోతే మహా అయితే మాట్లాడరు. దేవుడి మాట వినకపోతే నరకం అంటారు. ఏది పెద్ద బెదిరింపు? బెదిరింపు కింద పుట్టేది ప్రేమ ఎలా అవుతుంది? నేను వెటకారంగా అడగట్లేదు. ఎవరైనా సరిగ్గా జవాబు చెబుతారేమోనని చూస్తున్నా.

ఉప్పల్ సిస్టర్:

నాకు వాక్యజ్ఞానం తక్కువ. నాకు తెలిసింది మా ఇంటి సంగతే.

మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టారు. బాగున్న రోజుల్లో ఆవిడ నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. ఇప్పుడు రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. రాత్రి అలారం పెట్టుకుని లేస్తా. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, దుప్పటి ముడతలు లాగి సరిచేసి, మడమలు పరుపుకి ఆనకుండా చూసి పడుకుంటా. ఆ సమయంలో నాలో ప్రేమ ఉంటుందా అంటే ఉండదండీ. నిద్ర ఉంటుంది, చిరాకు ఉంటుంది. నీ పొరుగువాణ్ణి ప్రేమించు అన్నాడు కాబట్టి లేస్తున్నా.

ఒకసారి కూటంలో ఒక బ్రదర్ "ప్రేమ లేని సేవ మ్రోగే కంచు" అని 1 కొరింథీ 13 చెప్పారు. ఆ రాత్రి నేను చేసేదంతా లెక్కలోకి రాదేమోనని ఏడ్చాను. తర్వాత మత్తయి 21లో ఇద్దరు కొడుకుల కథ చదివాను. ద్రాక్షతోటకి వెళ్లి పని చెయ్యమంటే ఒకడు వెళ్లను అని, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. ఇంకొకడు వెళ్తానయ్యా అని వెళ్లలేదు. ఇద్దరిలో తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవడు అని మాత్రమే ప్రభువు అడిగాడు. వెళ్లినవాడు నవ్వుతూ వెళ్లాడా, గొణుక్కుంటూ వెళ్లాడా అన్నది ఆ కథలో లేనే లేదు. నాకు అది చాలు. మణికొండ తమ్ముడూ, నన్నెవరూ బెదిరించలేదు. అయినా నేను ప్రేమతో మొదలుపెట్టలేదు. ఇప్పుడిప్పుడే ఆవిడ నా చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవాలనిపించట్లేదు.

బొల్లారం టీచర్:

సిస్టర్, మీరు రాసింది చదివి కౌంటర్లో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఎదురుగా ఉన్న పేషెంటు అటెండరు బిల్లు ఎక్కువైందేమోనని కంగారుపడ్డాడు.

అంకుల్, మీరు చెప్పిన సౌలు సంగతి పిల్లలకి చెబుతాను. కానీ సిగ్నల్ మనల్ని ప్రేమించదు కదా. నా చిక్కంతా అక్కడే ఉంది. ప్రేమిస్తున్నానని చెప్పేవాడే ఆజ్ఞ కూడా ఇస్తున్నాడు. మణికొండ తమ్ముడు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా రాయండి.

మెదక్ మనవడు, రామ్‌నగర్:

అమ్మా, కొంచెం పెద్దదే రాస్తాను, ఓపిగ్గా చదువు. ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను, చదువుకునే తీరిక ఇప్పుడు దొరికింది.

మా తాత మెదక్ చర్చికి రాళ్లు మోసినవాడు. 1914లో పని మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన గుడి అది. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడు. కరువులో జనానికి పని ఇచ్చి కడుపు నింపాడు. మా వాళ్లు ఆయన్ని పోస్నెట్ దొర అనేవారు. మా ఊళ్లో కొందరు "గంజి కోసం మతంలో కలిశారు" అని ఎగతాళి చేస్తే మా తాత సిగ్గుపడేవాడు కాదట. "అవును, తిన్నాకే విన్నా. తినిపించకుండా చెప్పినవాళ్ల మాటలు అప్పటికే శానా విన్నా" అనేవాడని మా నాన్న చెప్పేవాడు. మిషనరీలు చేసినవన్నీ ఒప్పే అని నేననను, ఆ చర్చ వేరు. వరస ఏమిటో మా తాతకి తెలిసింది అంటున్నానంతే.

నిర్గమకాండంలోనూ ఆ వరసే. ఎర్ర సముద్రం దాటింది పద్నాలుగో అధ్యాయంలో. తినడానికి ఆకాశం నుంచి మన్నా పడింది పదహారులో, బండలోంచి నీళ్లొచ్చింది పదిహేడులో. పది ఆజ్ఞలు వచ్చింది ఇరవైలో. ఆ ఆజ్ఞలకి కూడా మొదటి మాట "చెయ్యి, చెయ్యకు" అని కాదు, దాసుల ఇంటినుంచి మిమ్మల్ని బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అని. ముందు ఆజ్ఞలు పాటించండి, అప్పుడు ఐగుప్తు రాజు ఫరో చేతిలోంచి విడిపిస్తా అని బేరం పెట్టలేదు.

ఇక నీ వాక్యానికి వస్తా. యోహాను 14:15ని ఒంటరిగా కంఠతా పట్టిస్తే ఆ పిల్లకి డాడీ గొంతే వినబడుతుంది, దాని తప్పు లేదు. ఆ మాట అన్నది ఏ రాత్రో, దానికి ముందు ఏం జరిగిందో చూడు. పదమూడో అధ్యాయం. భోజనం దగ్గర లేచి, పైవస్త్రం తీసిపెట్టి, తువాలు నడుముకి కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. అప్పటికి యూదా ఇంకా అక్కడే ఉన్నాడు. తనని శత్రువులకి అమ్మేయబోతున్నవాడి కాళ్లు కూడా కడిగి తుడిచాడు. అదయ్యాక ఏమన్నాడు? లోకంలో మనకి తెలిసిన పద్ధతైతే, "నేను మీ కాళ్లు కడిగాను కాబట్టి ఇక మీరు నా కాళ్లు కడగండి" అనాలి. నీ కోసం ఇంత చేశాను, కాబట్టి నా కోసం నువ్వు ఇది చెయ్యి. ఇళ్లలో మనందరం ఆడే మాట ఇదే. ఆయన "మీరు ఒకరి కాళ్లు ఒకరు కడగండి" అన్నాడు. అప్పు ఆయనకి. తీర్చాల్సింది పక్కవాడికి.

ఇంకొంచెం ముందుకెళ్తే, ఆ అధ్యాయం చివర్లోనే కొత్త ఆజ్ఞ ఇచ్చాడు. నేను మిమ్మల్ని ప్రేమించినట్టే మీరూ ఒకరినొకరు ప్రేమించండి అని. పద్నాలుగులో "నా ఆజ్ఞలు" అన్నప్పుడు అప్పుడే చెప్పిన ఆ మాట ఆ పదకొండుమంది చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంటుంది. నన్ను ప్రేమిస్తే నాకు ఫలానాది చేసిపెట్టండి అని ఆ రాత్రంతా వెతికినా ఒక్కటి దొరకదు.

ఒకటే గీటురాయి పెట్టుకో అమ్మా. "ప్రేముంటే మాట విను" అని ఎవరన్నా, విన్నందువల్ల లాభం ఎవరి ఇంటికి వెళ్తుందో చూడు. చెప్పినవాడి పరువుకి, వాడి పట్టుదలకి, వాడి గల్లాపెట్టెకి వెళ్తుంటే అనుమానించు. మణికొండ బాబూ, మీ నాయకులు హెబ్రీ 13:17లో మొదటి సగమే చదివినట్టున్నారు. మీ ఆత్మల గురించి లెక్క అప్పజెప్పాల్సినవాళ్లు అని ఆ వాక్యంలోనే నాయకుల మీద బరువు పెట్టాడు. అపొస్తలుల కార్యములు 5:29లో యేసు శిష్యుడు పేతురే, మనుషులకు కాదు దేవునికే లోబడాలి అని యూదుల మహాసభ ఎదుట నిలబడి అన్నాడు. నువ్వు ప్రశ్నించడం అవిధేయత అనుకోను నేను.

నరకం మాట అడిగావు. దాన్ని మెత్తబరిచి చెప్పను. "ప్రభువా, ప్రభువా" అని పిలిచే ప్రతివాడూ రాజ్యంలో ప్రవేశించడు అన్నది కూడా యేసే. అయితే మత్తయి 25 తీసి చూడు. అక్కడ ఎడమ వైపు నిలబెట్టినవాళ్ల మీద మోపిన నేరం ఏమిటి? ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టలేదు, జబ్బుతో ఉన్నవాణ్ణి, జైల్లో ఉన్నవాణ్ణి చూడటానికి రాలేదు. నాయకుణ్ణి అడగకుండా పెళ్లికి వెళ్లారని లేదు. ఆ గద్దింపు కూడా దిక్కులేనివాడి తరఫున మాట్లాడుతోంది. భయపెట్టి ప్రేమ పుట్టించలేమన్నది నువ్వు చెప్పింది నిజమే. ప్రేమలో భయముండదు అని 1 యోహాను 4:18లో రాసి ఉంది. నీ ప్రశ్న పూర్తిగా తీరిపోయిందని నేననను. నాకూ తీరలేదు.

బ్లాక్‌మెయిల్‌కి ఇంకో గుర్తుంది, అది ఆ పిల్లే చెప్పింది. మాట వినకపోతే మాట్లాడరు. పేతురు సంగతి చూడండి. యేసుని పట్టుకెళ్లిన ఆ రాత్రే బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదన్నాడు, మూడుసార్లు. ప్రభువు లేచిన తర్వాత సముద్రం ఒడ్డున మళ్లీ ఒక బొగ్గుల మంట, యోహాను 21. ఈసారి దాని మీద చేపలున్నాయి, పక్కన రొట్టె. రండి, తినండి అన్నాడు. నా మాట ఎందుకు వినలేదు అని అడగలేదు. తిన్నాకే, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. అవును ప్రభువా అంటే, అయితే నాకేం చేస్తావో చెప్పు అనలేదు. నా గొర్రెల్ని మేపు అన్నాడు. మళ్లీ పక్కవాడికే!

ఉప్పల్ చెల్లెమ్మా, నువ్వు రాత్రి అలారం పెట్టుకుని లేచి చేసేది ఆ గొర్రెలు మేపే పనే. దానికి కంచు అని పేరు పెట్టిన బ్రదర్‌ని ఒక్క రాత్రి మీ ఇంట్లో పడుకోమను.

ఒక జాగ్రత్త టీచరమ్మా. ఆ నాన్న ప్రేమ అబద్ధమని మాత్రం పిల్ల దగ్గర అనకు. ఆయన భయం ఆయనది. పిల్లలు స్థిరపడాలని మనం పడే ఆరాటం ఎలాంటిదో నాకు తెలుసు. ఎఫెసీ 6:1 ఫ్రిజ్ మీద ఉందన్నావు, మంచిదే. 6:4 కూడా పక్కనే అంటించమను. తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక అని ఉంటుంది.

లాలాగూడ అంకుల్:

రామ్‌నగర్ అన్నా, బాగా చెప్పారు. అయినా నా మాట ఒకటుంది. యేసు ప్రభువే కుమారుడై ఉండి కూడా శ్రమల వల్ల విధేయత నేర్చుకున్నాడని హెబ్రీ 5:8. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో తండ్రితో, నా ఇష్టం కాదు, నీ ఇష్టం అన్నాడు. ఇష్టంలేని చోట కూడా లోబడటం ఉంటుంది, అది ప్రేమకి తక్కువేం కాదు. పిల్లలకి ఆ సగం దాచకండి. సిగ్నల్ మాట వెనక్కి తీసుకోను గానీ, టీచరమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది.

మెదక్ మనవడు, రామ్‌నగర్:

ఆ సగం దాచకూడదు అంకుల్, నిజమే. ఆయన తండ్రికి లోబడి సిలువ దాకా వెళ్లాడు కాబట్టే మనల్ని అడిగే హక్కు ఆయనకి ఉంది. తను చెయ్యనిది మన నెత్తిన పెట్టలేదు. నేను తండ్రి ఆజ్ఞలు గైకొన్నట్టు మీరూ అని యోహాను 15:10లో తనతోనే పోల్చాడు.

బొల్లారం టీచర్:

క్లాసు అయింది. ఇక్కడ రాసినవాళ్లకి చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా.

ఈసారి పాఠం పుస్తకం తెరవలేదు. పదమూడో అధ్యాయం నుంచి పిల్లల చేతే చదివించాను. "నేను కడిగాను కాబట్టి మీరు..." దగ్గర ఆపి, తర్వాత ఏమంటాడో చెప్పమన్నాను. నలుగురైదుగురు "నా కాళ్లు కడగండి" అనే అన్నారు. చిన్నప్పటి నుంచి ఆ కథ విన్న పిల్లలే! తర్వాతి లైను చదివాక క్లాసు కాసేపు చల్లబడింది. ఇంటర్ అబ్బాయి ఒకడు, యూదా కాళ్లు కడిగేటప్పుడు ప్రభువు ఏం ఆలోచించి ఉంటాడు టీచర్ అని అడిగాడు. అది బైబిల్లో రాయలేదు అన్నాను.

అంకుల్ చెప్పిన గెత్సేమనే కూడా చెప్పాను. అది వాళ్లకి అంత రుచించలేదు. పెద్దవాళ్లకీ రుచించదనుకోండి.

మన టెన్త్ అమ్మాయి అంతా విని, "సరే టీచర్, యేసయ్యది బ్లాక్‌మెయిల్ కాదు. మరి మా డాడీకి ఎవరు చెప్తారు?" అంది. ఆ మాట నేను ఊహించలేదు. ఆరాధన అయ్యాక వాళ్లమ్మా నాన్నా గేటు దగ్గర బండి తీస్తుంటే వెళ్లి పలకరించాను. వాక్యం ఏమీ ఎత్తలేదు. అన్నా, హాస్పిటల్లో బిల్లింగ్‌లో పనిచేస్తాను కదా, అకౌంట్స్ చదివినవాళ్లకి మా దగ్గర ఏ ఉద్యోగాలున్నాయో, సీఏ చేసినవాళ్లకి ఎలా ఉంటుందో కావాలంటే మా ఫైనాన్స్ మేనేజరు గారితో మాట్లాడిస్తాను అన్నాను. ఆయన మొహం గంటు పెట్టుకునే ఉన్నారు గానీ నంబరు తీసుకున్నారు. ఫోన్ చేస్తారో లేదో తెలియదు. ఆ పిల్ల బండి మీద వెనక కూర్చుని నా వైపు తిరిగి కళ్లెగరేసింది.

మణికొండ తమ్ముడూ, నువ్వు అడిగిన నరకం ప్రశ్న కూడా క్లాసులో పెట్టాను, పేరు చెప్పకుండా. సగంమంది పిల్లల మనసులో అదే ఉందని తెలిసింది. వచ్చే ఆదివారం మత్తయి 25 పెట్టుకున్నాం. రామ్‌నగర్ అయ్యగారూ, వీలైతే మీరే వచ్చి చెప్పండి. క్లాసు ఉదయం ఎనిమిదిన్నరకి, పార్సనేజి (పాస్టరు గారి ఇల్లు) వెనక షెడ్డులో. మీరు వస్తానంటే అంకుల్‌నీ పిలుస్తాను, పిల్లలు ఆయన్ని రైలు గురించి అడుగుతామంటున్నారు.